బానెట్ ఎవరెత్తాలి?

చలికి కారు స్టార్ట్ కాకపోతే ఏం చెయ్యాలన్న దాని గురించి రాయబోతున్నానంటే నేనెంతో గౌరవించే ఒక రచయిత్రి ఫోన్లో నవ్వేశారు. "అదేంటమ్మా, అవన్నీ మెకానిక్కులు చూసుకుంటారు కదా! నువ్వు చదివింది సాహిత్యం" అన్నారు. ఆవిడ మాటలో వెక్కిరింపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. నాకు అభ్యంతరం ఆ ఆశ్చర్యం మీద కాదు, "చూసుకుంటారు" అన్న క్రియాపదం మీద.

ఈ క్రియాపదంతో మనకి పాత పరిచయమే. పొలం కాగితాల సంగతి అన్నయ్య చూసుకుంటాడు. బ్యాంకు సంగతి ఆయన చూసుకుంటారు. ఆపరేషన్ అవసరమో కాదో డాక్టరుగారు చూసుకుంటారు. ఏది సాహిత్యమో ఏది కాదో విమర్శకులు చూసుకుంటారు. నాలుగు దశాబ్దాలుగా తెలుగు స్త్రీవాదులు చేసిన పనంతా ఒకరకంగా ఈ "చూసుకుంటారు"ల వెనక ఎవరున్నారో, ఎందుకున్నారో అడగటమే. అడిగి కొన్ని తలుపులు తీయించాం కూడా. కారు బానెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిత్రంగా మనమూ రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాం. అది మనకక్కర్లేని విద్య అని ఎవరు చెప్పారో కూడా గుర్తులేనంతగా నమ్మేశాం.

మన దగ్గర ఈ సమస్య పెద్దదేం కాదు, నిజమే. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరు తెల్లవారుజామున పాత బండి నాలుగుసార్లు దగ్గుతుంది, ఎవరో ఒకరు తోస్తారు, కదులుతుంది. కానీ తెలుగు ఆడవాళ్ళు ఇప్పుడు లంబసింగిలో మాత్రమే లేరు. చికాగో శివార్లలో వున్నారు, డెట్రాయిట్ దగ్గర వున్నారు, మినియాపోలిస్‌లో, టొరంటోలో వున్నారు. 2019 జనవరి 30న చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పడిపోయింది. మన లెక్కలో సున్నాకి దాదాపు 31 డిగ్రీలు కింద. అలాంటి రోజున గ్లవ్స్ లేని చెయ్యి నిమిషాల్లో దెబ్బతింటుంది. ఆ శివార్లలో చాలాచోట్ల బస్సు వుండదు, నడిచి వెళ్ళేంత దూరంలో కొట్టు వుండదు, ఆటో అన్న మాటే లేదు. అక్కడ కారు షోకు కాదు. మనూళ్ళో మంచినీళ్ళ కుళాయి ఎలాంటిదో అక్కడ కారు అలాంటిది.

అమెరికా తెలుగు కథల్లో మంచు తెగ కురుస్తుంది. నేను చదివినవాటిలో ఆ మంచు ఎప్పుడూ ఒంటరితనానికో, చల్లారిన దాంపత్యానికో, అమ్మ ఊరికో ప్రతీక. కిటికీ అద్దానికి నుదురానించి ఆమె మంచుని చూస్తూ వుంటుంది. డ్రైవింగ్ నేర్చుకోవటం స్వేచ్ఛకి ప్రతీక, లైసెన్సు చేతికి రావటం చాలాసార్లు కథకి ముగింపు. ఆ మర్నాడు పొద్దున మైనస్ 20లో ఆ కారు స్టార్ట్ కాకపోతే ఆమె ఏం చేసిందో ఒక్క కథా చెప్పదు. బానెట్ ఎత్తిన కథానాయిక నాకు ఇంతవరకూ తారసపడలేదు. పరిశోధకురాలిగా నేనూ ఈ కథల మీద చర్చల్లో కూర్చున్నదాన్నే. చలనశీలత గురించీ స్థలం గురించీ సిద్ధాంతాలు ఎన్నో దొర్లాయి అక్కడ. బ్యాటరీ అన్న మాట ఒక్కసారీ వినపడలేదు. స్వేచ్ఛని వాహనంతో పోల్చటానికి మనకి అభ్యంతరం లేదు, ఆ వాహనానికి నూనె, ఆమ్లం, వైర్లు వుంటాయని ఒప్పుకోవటానికే మొహమాటం.

నేను ఒక చలికాలం పరిశోధన పని మీద ఇల్లినాయ్‌లో వున్నాను. మేమున్న అపార్ట్‌మెంట్లలో సగం తెలుగువాళ్ళే. ఒక పొద్దున పై అంతస్తు అమ్మాయి ఏడాదిన్నర పిల్లని చంకనేసుకుని తలుపు కొట్టింది. పిల్లకి జ్వరం, డాక్టరు అపాయింట్‌మెంటు తొమ్మిదిన్నరకి. "అక్కా, కారు టకటకమంటోంది గానీ స్టార్ట్ అవటం లేదు" అంది. నాకు అప్పటికి కారు లేదు, డ్రైవింగూ రాదు. తెలిసినవాళ్ళకి ఫోన్ చేసింది. అవతలాయన పెద్దమనిషే, సహాయం చెయ్యాలన్న మనసూ వుంది. అయినా మొదటి మాట "మీ ఆయనకి ఇవ్వమ్మా ఫోను" అని. ఆయన ప్రాజెక్టు పని మీద డల్లాస్‌లో వున్నాడు. సరే, ఆ ఇద్దరు మగవాళ్ళూ ఫోన్లో మాట్లాడుకున్నారు. ఒకాయన తన ఇంట్లో, ఇంకొకాయన 800 మైళ్ళ అవతల. కారు పక్కన నిలబడి ఆ చప్పుడు చెవులారా విన్న మనిషిని మాత్రం ఎలా వినిపించిందో అడిగినవాళ్ళు లేరు. స్పార్క్ ప్లగ్గులేమో అని ఇద్దరూ తేల్చారు. కాదు.

చివరికి ఆ కారు స్టార్ట్ చేసింది మా కాంప్లెక్స్‌లో మెట్లూ వరండాలూ శుభ్రం చేసే మెక్సికన్ స్త్రీ. తన పికప్ ట్రక్కు తెచ్చి పక్కన పెట్టింది. తాళం తిప్పమని చెప్పి, చెవి ఒగ్గి విన్నది. హెడ్‌లైట్లు వెయ్యమంది. అవి గుడ్డి దీపాల్లా వెలిగాయి. బానెట్ ఎత్తి, బ్యాటరీ తలల మీద పేరుకున్న తెల్లటి పొక్కుని చూపించి, సీట్ల వెనకనుంచి కేబుళ్ళు తీసింది. ఏ కొస ఎక్కడ పెట్టాలో ఆ అమ్మాయి చేతే పెట్టించింది, తను పెట్టలేదు. పది నిమిషాలు పట్టిందేమో మొత్తం. ఎక్కడ నేర్చుకున్నావంటే భుజాలెగరేసి, పాత ట్రక్కు, డబ్బులు లేవు, అంది వచ్చీరాని ఇంగ్లీషులో. ఈ విద్య ఆడవాళ్ళకి రాదనటం అబద్ధం. మధ్యతరగతి ఆడవాళ్ళకి రానివ్వలేదు అనటం సరైన వాక్యం.

ఇంతకీ చలికి కారు ఎందుకు మొరాయిస్తుంది? బ్యాటరీ అంటే సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు. వాటి మధ్య జరిగే రసాయన చర్యే కరెంటు. చలి ముదిరేకొద్దీ ఆ చర్య మందగిస్తుంది. డిసెంబరులో రుబ్బిన ఇడ్లీపిండి తెల్లారినా పొంగదని తెలియని ఆడవాళ్ళున్నారా మనలో? అది సూక్ష్మజీవుల పని, ఇది వట్టి రసాయనం, కానీ చలికి నీరసపడటంలో రెండూ ఒకటే. మైనస్ 18 సెల్సియస్ దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగే బలం వేసవిలో ఇచ్చేదాంట్లో సగానికి లోపే. సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆయిల్ ఆముదంలా చిక్కబడి, ఇంజన్ని తిప్పటానికి ఎప్పటికన్నా రెట్టింపు బలం కావాల్సి వస్తుంది. ఇచ్చే చెయ్యి సగమైతే అడిగే నోరు రెండింతలు. కారు ఆగిపోయేది ఈ రెండిటి మధ్య. చలికాలం గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాని ఎండలో పెట్టే మనకి, 5డబ్ల్యు-30 అని ఆయిల్ డబ్బా మీద రాసిన దాంట్లో డబ్ల్యు అంటే వింటర్ అనీ, దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుందనీ చెప్తే అర్థం కాదా?

వంటింటి పోలికలు తెస్తున్నానని కోప్పడేవాళ్ళుంటారు. కావాలనే తెస్తున్నాను. పంపు స్టవ్వు వాడిన అమ్మమ్మలు, అమ్మలు మనందరికీ వున్నారు. కింద గిన్నెలో కాస్త స్పిరిటో కిరసనాయిలో పోసి వెలిగించి గొట్టం వేడెక్కనిచ్చి, అప్పుడు పంపు కొడితేగానీ నీలం మంట రాదు. ఎందుకంటే ద్రవం మండదు, ఆవిరి మండుతుంది. చల్లటి ఇంజన్లో పెట్రోలుకి వచ్చే ఇబ్బంది అచ్చంగా అదే. నాజిల్ మూసుకుపోతే స్టవ్ పిన్నుతో పొడిచేవాళ్ళు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన చేసిన మోటారు బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్‌త్సైమ్‌కి వందకి పైగా కిలోమీటర్లు వెళ్ళింది. దారిలో ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్ను తీసి పొడిచింది. తీగ ఒరిసిపోతే మేజోళ్ళకి కట్టుకునే గార్టర్ చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో శుభ్రం చేసే ద్రావకం కొని పోసింది. ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణపు కారు రిపేరు చేసింది ఒక ఆడమనిషి, ఆమె పనిముట్టు మా అమ్మమ్మ పనిముట్టే. కానీ అమ్మమ్మ చేసినదాన్ని "చిట్కా" అన్నాం. అదే పని ఖాకీ బట్టలు వేసుకుని చేస్తే టెక్నాలజీ.

బెర్తా తర్వాత ఏం జరిగిందన్నది ఇంకా ఆసక్తిగా వుంటుంది. తొలినాటి కార్లని ముందువైపు ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు. చలికాలం ఆయిల్ బిగిసిపోయి హ్యాండిల్ కదిలేది కాదు. రేడియేటర్‌లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఆ విరుపుకి ఎముకల డాక్టర్లు ఇప్పటికీ షోఫర్స్ ఫ్రాక్చర్ అనే అంటారు. చేతులు విరగ్గొట్టుకున్నది ఎక్కువగా మగవాళ్ళే. 1912 మోడల్ క్యాడిలాక్‌లో ఛార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. బటన్ నొక్కితే చాలు. మరి దీనివల్ల బాగుపడింది ఎవరు? అందరూ. కానీ అది "ఆడవాళ్ళ సౌకర్యం కోసం" వచ్చిందన్న ప్రచారమే నిలిచిపోయింది. వర్జీనియా షార్ఫ్ 1991లో వెలువరించిన "టేకింగ్ ద వీల్" అన్న పుస్తకంలో ఈ కిటుకుని బాగా విప్పి చెప్పింది. మగవాళ్ళకీ కావలసిన సుఖాన్ని ఆడవాళ్ళ పేరు మీద అడిగి తెచ్చుకోవటం, తెచ్చుకున్నాక అది ఆడవాళ్ళ బలహీనతకి రుజువని చూపించటం. హెన్రీ ఫోర్డ్ లక్షల పెట్రోలు కార్లు తయారుచేస్తున్న కాలంలో ఆయన భార్య క్లారా నడిపింది వేరే కంపెనీ ఎలక్ట్రిక్ కారు. దానికి హ్యాండిల్ తిప్పే పని లేదు. ఎలక్ట్రిక్ కారుకి అప్పట్లో ఆడవాళ్ళ బండి అని పేరు. ఇప్పుడదే మగవాళ్ళ మోజు. 2024 జనవరి చలిలో చికాగో ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర ఆ మోజు వరసల్లో నిలబడి గడ్డకట్టింది.

(మన మెకానిక్కుల భాషలో ఆ స్టార్టర్ పేరు "సెల్ఫ్". బండి సెల్ఫ్ తీసుకోవటం లేదు, సెల్ఫ్ పోయింది, సెల్ఫ్ కొట్టి చూడు అంటారు. అస్తిత్వం మీద వ్యాసాలు రాసే మనకి ఈ మాట ఇంతకాలం చెవిన పడకపోవటం విడ్డూరమే.)

ఆ "బలహీనులే" మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఫ్రాన్స్‌లో అంబులెన్సులు నడిపారు. చలికాలం రాత్రుళ్ళు ఇంజన్లు గడ్డకట్టకుండా లేచి లేచి హ్యాండిల్ తిప్పటం కూడా వాళ్ళ డ్యూటీలో భాగమే. అంతకు ముందే, 1909లో, డొరొతీ లెవిట్ "ది ఉమన్ అండ్ ది కార్" అని పుస్తకం రాసి, ఇంజన్ ఎలా పనిచేస్తుందో, ఆగిపోతే ఏం చూడాలో ఆడవాళ్ళకి ఆడమనిషిగా చెప్పింది. గెర్ట్రూడ్ స్టైన్ సంగతి మన ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో అందరికీ తెలుసు. "లాస్ట్ జనరేషన్" అన్న మాట ఎం.ఎ. విద్యార్థుల చేత బట్టీ పట్టిస్తాం. హెమింగ్‌వే చెప్పిన ప్రకారం ఆ మాట పుట్టింది గ్యారేజీలో. స్టైన్ గారి పాత ఫోర్డ్ మోడల్ టి ఇగ్నిషన్‌లో ఏదో లోపం వస్తే, దాన్ని సరిగా చెయ్యలేకపోయిన కుర్ర మెకానిక్‌ని యజమాని తిట్టిన తిట్టు అది. ఆధునిక సాహిత్య చరిత్రలో ఒక యుగానికి పేరుపెట్టింది ఒక స్త్రీ కారు స్టార్ట్ కాకపోవటం! పాఠం చెప్పేటప్పుడు ఆ ఇగ్నిషన్ని దాటేసి సరాసరి యుద్ధానంతర నిరాశలోకి వెళ్ళిపోతాం. నిరాశ సాహిత్యం, ఇగ్నిషన్ మెకానిక్కు పని కాబట్టి.

మళ్ళీ ఆ పై అంతస్తు అమ్మాయి కారు దగ్గరికి వస్తాను. ఆ బ్యాటరీ ఎందుకు చచ్చిపోయింది? మెక్సికన్ స్త్రీ అడిగిన మొదటి ప్రశ్న "రోజూ ఎంత దూరం నడుపుతావు?" అని. పిల్లని డేకేర్‌లో దించటానికి మైలున్నర, కూరగాయలకి రెండు మైళ్ళు. స్టార్ట్ చేసేటప్పుడు ఖర్చయిన ఛార్జి తిరిగి రావాలంటే ఇంజన్ కాసేపు నడవాలి. చిన్న చిన్న దూరాలకి అది రాదు, రోజురోజుకీ కొంచెం కొంచెం తరుగుతుంది. ఆపైన చలిలో హీటరూ, వెనక అద్దం వేడిచేసే తీగలూ అదే బ్యాటరీ మీద. నేను చూసిన తెలుగు ఇళ్ళలో ఎక్కువ భాగం ఏర్పాటు ఇలాగే వుండేది. కొత్త కారు ఆయనది. అది గ్యారేజీలో వుంటుంది, ఆఫీసుకి పాతిక మైళ్ళు పోయి వస్తుంది, బ్యాటరీ నిండుగా వుంటుంది. ఆమెకి పాత కారు. అది బయట మంచులో వుంటుంది, పాల కోసం పిల్లల కోసం మైలు దూరం తిరుగుతుంది, బ్యాటరీ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు. సాధారణంగా మూడునుంచి అయిదేళ్ళకి దాని ఆయువు తీరుతుంది. తొలి చలికి ఆగిపోయేది అందుకే ఆమె కారు. ఆగిపోయాక వినపడే మాట "నీకు బండి చూసుకోవటం రాదు". శ్రమ విభజన గురించి మనం రాసిన వందల పేజీలకి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు దొరకలేదు. అది ఓల్టుల్లో కొలవచ్చు కూడా. నిండుగా వున్న బ్యాటరీ ఆగివున్నప్పుడు 12.6 ఓల్టులు చూపిస్తుంది. 12.2కి దిగిందంటే సగం ఖాళీ. కొలిచే మీటరు ధర ఒక మామూలు చుడీదార్ ధరకి మించదు.

మీటరు లేకపోయినా చెవులున్నాయి. తాళం తిప్పగానే టకటకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీలో పస లేదు, లేదా దాని తలల దగ్గర పట్టు లేదు. ఒకే ఒక్క గట్టి "టక్" వచ్చి ఊరుకుంటే సెల్ఫ్ మోటార్నీ దాని వైర్లనీ అనుమానించాలి. నిద్రలేవని మనిషిలా మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ నీరసం, ఆయిల్ చిక్కదనం. హుషారుగా గిరగిరా తిరుగుతూ కూడా అంటుకోకపోతే బ్యాటరీ తప్పేం లేదు, ఇంధనమో నిప్పురవ్వో అందటం లేదు. అప్పుడు కేబుళ్ళు తెచ్చి లాభం లేదు. పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకుండా, మధ్య మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడాలి. ఏ చప్పుడూ లేకుండా, లోపలి దీపం కూడా వెలగకుండా వుంటే బ్యాటరీ పూర్తిగా అయిపోయింది, లేకపోతే దాని తీగ ఊడింది. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

కేబుళ్ళ సంగతి కూడా చెప్పేస్తాను, నాలుగే కొసలు. ఎరుపుది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస బతికున్న బ్యాటరీ ప్లస్‌కి. నలుపుది బతికున్నదాని మైనస్‌కి, ఆఖరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ కారు ఇంజన్ మీద రంగులేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఎందుకంటే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు వుండొచ్చు, ఆఖరి కొస తగిలేటప్పుడు రవ్వ వస్తుంది. మంచి కారుని కాసేపు నడవనిచ్చి అప్పుడు రెండోది తిప్పాలి. స్టార్ట్ అయ్యాక తీసేది తిరుగు వరసలో. బ్యాటరీ పెట్టె ఉబ్బినా, లోపల గడ్డకట్టినట్టున్నా ముట్టుకోవద్దు, పేలొచ్చు. ఛార్జి లేని బ్యాటరీ, నిండుగా వున్నదానికన్నా చాలా ముందే గడ్డకడుతుంది. ఇంకొకటి, మూసిన గ్యారేజీలో ఇంజన్ వేడెక్కాలని వదిలెయ్యటం, పొగగొట్టం మంచులో కూరుకుపోయి వుండగా కార్లో కూర్చోవటం, ఇవి ప్రాణాలు తీస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు.

ఇదంతా మోటారు పత్రికలో వెయ్యాల్సింది కదా, ఇక్కడెందుకు అంటారు. 1970లలో బోస్టన్ స్త్రీలు "అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్" తెచ్చినప్పుడు కూడా ఇది మెడికల్ పుస్తకం కదా అన్నవాళ్ళున్నారు. 1990ల మొదట్లో అన్వేషి మిత్రులు "సవాలక్ష సందేహాలు" తెచ్చారు. మన శరీరం గురించి డాక్టరు దగ్గర మాత్రమే వున్న జ్ఞానాన్ని తెలుగులో మన చేతుల్లో పెట్టిన పుస్తకం అది. డాక్టరుతో వైరం పెంచుకోవటానికి కాదు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియటానికి. అమెరికాలో అదే 1970లలో స్త్రీల బృందాలు ఆటో రిపేరు తరగతులు కూడా పెట్టుకున్నాయి. "ఆటో రిపేర్ ఫర్ డమ్మీస్" 1976లో మొదటిసారి రాసింది డియానా స్క్లార్ అనే స్త్రీ. అక్కడినుంచి ఆరోగ్యాన్ని మనం తెచ్చుకున్నాం, స్పానరుని అక్కడే వదిలేసి వచ్చాం. ఆ రెండూ ఒకే చేతుల్లోంచి వచ్చాయని కూడా మర్చిపోయాం.

ఆడవాళ్ళకి వున్న చాకిరీ చాలదా, ఇదొకటా అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే, తేలిగ్గా కొట్టిపారెయ్యను. గ్యాస్ బండ మార్చటం నేర్చుకున్న రోజునుంచీ అది మార్చటం మన పనే అయింది కదా. కానీ నేను అడుగుతున్నది పని ఎవరు చెయ్యాలని కాదు, సంగతి ఎవరికి తెలియాలని. తెలిసి చెయ్యకపోవటం ఒకటి, తెలియక చెయ్యలేకపోవటం ఇంకొకటి. మొదటిదాంట్లో బేరమాడొచ్చు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే సరిపోదా అంటారు ఇంకొందరు. సరిపోతుంది, సభ్యత్వం ఆమె పేరు మీద వుంటే, కార్డు ఆమె దగ్గర వుంటే, అందరి కార్లూ ఆగిపోయిన ఆ చలి రోజున గంటలు గంటలు ఆగగలిగితే. పోతే, మన పత్రికల ధోరణి ఒకటుంది. 2021లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పే మహిళా మెకానిక్ గురించి వార్తలు వచ్చాయి. అన్నిటిలో అబ్బురమే. ఆమె పనిలోని తెలివి గురించి, టైరు ఎలా విప్పుతుందన్న దాని గురించి ఎంతమంది రాశారు? వింతగా చూడటం కూడా దూరం పెట్టటమే.

ఇప్పుడు అసలు విషయం. డిపెండెంట్ వీసా మీద వెళ్ళిన స్త్రీ పరిస్థితి మనకి తెలుసు. హెచ్-4 మీద వున్నవాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకోవటానికి అనుమతి వచ్చిందే 2015లో. డబ్బు ఆయనది, వీసా ఆయనది, తెలిసినవాళ్ళు ఆయన స్నేహితులు. ఇంట్లో హింస వుంటే ఆ ఇంటికీ బయటి ప్రపంచానికీ మధ్య వున్న ఒకే ఒక్క వంతెన ఆ పాత కారు. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి లాంటి దక్షిణాసియా స్త్రీల సంస్థలు ఏళ్ళ తరబడి ఇలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళతో పనిచేస్తున్నాయి. హింస చేసే మగవాళ్ళు కారుని కూడా ఆయుధంగా వాడతారు. తాళాలు దాచటం, మైళ్ళు లెక్కపెట్టటం, పెట్రోలు లేకుండా వుంచటం, బ్యాటరీ తీగ వదులు చేసి పెట్టటం. చలి ప్రాంతాల్లో ఈ చివరిదానికి చక్కటి ముసుగు దొరుకుతుంది. "చలికి చచ్చిపోయింది, నేను వచ్చాక చూస్తాలే" అంటే నమ్మని వాళ్ళెవరు? అక్కడి మంచే ఆయన తరఫున సాక్ష్యం చెప్తుంది.

ఇల్లు వదలాల్సి వస్తే ఎలా సిద్ధపడాలో చెప్పే కాగితాలు ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇస్తుంటారు. పాస్‌పోర్టు నకళ్ళు, రెండో తాళం, కొంచెం నగదు, సగానికి తగ్గని పెట్రోలు, కారుని ముఖం బయటికి పెట్టి నిలపటం. అన్నీ అవసరమే. చలి ఊళ్ళలో తెలుగులో అచ్చేసే కాగితంలో ఇంకో నాలుగు వాక్యాలు చేర్చాలని నా వాదన. తెలుగు సంఘాలు ఏటేటా సావనీరు వేస్తాయి. అందులో చీరకట్టు పోటీ ఫోటోలకి నాలుగు పేజీలిస్తే ఈ నాలుగు వాక్యాలకి అరపేజీ ఇవ్వొచ్చు. అక్టోబరులో, చలి ముదరకముందే, ఆడవాళ్ళంతా ఒక ఆదివారం పార్కింగ్ లాట్‌లో చేరి బానెట్లు ఎత్తుకుని కేబుళ్ళు పెట్టటం చేసి చూడొచ్చు. మొగుళ్ళు ఆపూట పిల్లల్ని చూసుకుంటారు.

చేర్చాల్సిన వాక్యాలు ఇవి. నిన్నటిదాకా నడిచిన కారు ఈరోజు ఏ చప్పుడూ చెయ్యకుండా, లోపలి దీపం కూడా వెలగకుండా వుంటే వెంటనే చలి అనుకోకు. బానెట్ ఎత్తు. తీసే మీట స్టీరింగ్ కింద ఎడమవైపు వుంటుంది, రెండో గొళ్ళెం ముందు అంచు కింద వేలికి తగులుతుంది. బ్యాటరీ మీద రెండు తలలుంటాయి, రెండిటి మీదా బిళ్ళ బిగించి వుండాలి. చేత్తో కదిపితే కదిలిందా, వదులుగా వుంది. మైనస్ వైపుది నలుపు. దాన్ని మళ్ళీ దాని తల మీద కిందిదాకా కూర్చోబెట్టి నట్టు బిగించు. స్పానరు రెండో కొస ప్లస్‌కి తగలనివ్వకు. జపాన్ కార్లలో ఎక్కువగా 10 మిల్లీమీటర్ల స్పానరు సరిపోతుంది. అది హ్యాండ్‌బ్యాగులో పడుతుంది.